కారుకు రెండు కెమెరాల డ్యాష్‌క్యామ్: బైకు తగిలితే తప్పెవరిదో తేల్చడానికి ఎంత పనికొస్తుంది?

విజయవాడలో కారూ బైకూ గుద్దుకున్నాయంటే గుమిగూడిన జనం దగ్గర తీర్పు సిద్ధంగా ఉంటుంది: పెద్ద బండిదే తప్పు. చట్టంలో అలాంటి సూత్రం లేదు. పరిహారం కేసులో ఎవరి నిర్లక్ష్యం ఎంత శాతమో మోటారు ప్రమాదాల క్లెయిమ్స్ ట్రిబ్యునల్ తేలుస్తుంది. క్రిమినల్ కేసులో అడిగేంత గట్టి రుజువు అక్కడ అక్కర్లేదు; ఎలా జరిగి ఉండటానికి ఎక్కువ అవకాశం ఉందో చూస్తారు. అందుకే ముప్పై సెకన్ల వీడియోకి అంత విలువ. సుమారు ఎనిమిది నుంచి పన్నెండు వేలలో దొరికే, రోడ్డుని రికార్డు చేస్తూ ఉండే ముందు-వెనక డ్యాష్‌క్యామ్‌ని ఈ ఒక్క పని కోసమే చూస్తే ఎలా ఉంటుందో ఇక్కడ రాస్తున్నాం.

ముందే చెప్పేస్తాం: ముందు కెమెరా ఒక్కటే ఉన్నది కొనొద్దు. బైకు కారుకి తగిలేది చాలాసార్లు పక్కనుంచో వెనకనుంచో. బందరు రోడ్డు మీద ఎడమకి తిరుగుతుంటే, కారుకీ రోడ్డు అంచుకీ మధ్య ఉన్న మూడడుగుల సందులోకి బైకు దూరుతుంది. ముందు కెమెరాకి అది బంపరు దాటాకే కనిపిస్తుంది, అంటే తగిలిన క్షణంలో. అంతకుముందు ఆ బైకు ఎంత వేగంతో వచ్చింది, కారు వెనక ఎంతసేపు ఉంది అన్నది వెనక కెమెరాలోనే ఉంటుంది.

వెనక కెమెరా విలువ తెలియాలంటే 2025 జులైలో సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పు చూడాలి. 2017లో కోయంబత్తూరులో హైవే మీద కారు ఉన్నట్టుండి ఆగింది. వెనక వస్తున్న బైకు దానికి తగిలి, నడుపుతున్న యువకుడు కింద పడ్డాడు. వెనకే వస్తున్న బస్సు అతని మీదుగా పోయింది, ఎడమ కాలు తీసేయాల్సి వచ్చింది. సిగ్నల్ ఇవ్వకుండా హైవే మధ్యలో ఆపడమే మూలకారణమని చెప్పి కారుకి 50 శాతం, బస్సుకి 30, దూరం పాటించని బైకుకి 20 శాతం బాధ్యత వేసింది కోర్టు. వెనక నుంచి గుద్దినవాడిదే తప్పు అనే నమ్మకం అక్కడ నిలవలేదు. వారధి దిగి మంగళగిరి వైపు వెళ్లే హైవే మీద ఇలాంటిదే జరిగితే రెండు ప్రశ్నలొస్తాయి: కారు ఎందుకు ఆగింది, బైకు ఎంత దూరంలో ఉంది. మొదటిదానికి ముందు కెమెరా, రెండోదానికి వెనక కెమెరా జవాబు చెబుతాయి.

నంబరు ప్లేటు చదవడం దగ్గర ప్రకటనల్ని నమ్మకండి. బైకు వెనక హై సెక్యూరిటీ ప్లేటు 200 మిల్లీమీటర్ల వెడల్పు, 100 ఎత్తు. ముందుది 285కి 45. కారు ప్లేటుతో పోలిస్తే ఇది చాలా చిన్నది. 130 డిగ్రీల లెన్సుతో 1080 రిజల్యూషన్ (అడ్డంగా 1920 పిక్సెళ్లు, అంటే బొమ్మలోని చుక్కలు) తీస్తే డిగ్రీకి సుమారు 15 పిక్సెళ్లు వస్తాయి. అయిదు మీటర్ల దూరంలో బైకు వెనక ప్లేటు మొత్తానికీ దక్కేది ముప్పైనాలుగు పిక్సెళ్లే, అక్షరానికి ఆరేడు. చదవలేం. మూడు మీటర్లలోపు వస్తేనే వీలు. అందుకే ముందు కెమెరా 1440 లేదా అంతకంటే ఎక్కువ ఉండాలి. రాత్రిపూట హెడ్‌లైటు పడగానే మెరిసే ప్లేటు తెల్లగా తేలిపోతుంది. హెచ్‌డీఆర్ (వెలుగునీ చీకటినీ సర్దే సెట్టింగు) ఆన్ చేస్తే కొంత మేలు. ఎదుటి బండి వెళ్లిపోతుంటే నంబరు గట్టిగా పైకి చదవండి, మైకు పట్టుకుంటుంది.

మైకు సంగతి చాలామంది మర్చిపోతారు. మాటలు రికార్డవుతాయని ఆపేస్తారు. ఆపొద్దు. మలుపుకి ముందు ఇండికేటరు వేశారా లేదా అన్నది ఎడమ మలుపు కేసులో మొదటి ప్రశ్న. కెమెరా మీ ఇండికేటరు లైటుని చూడలేదు, దాని టిక్కు టిక్కుని మాత్రం వింటుంది. హారను, బ్రేకు చప్పుడు కూడా అంతే.

ఇంకో లోపం తలుపుల దగ్గర. బ్రాడీపేటలోనో గవర్నర్‌పేటలోనో రోడ్డు వారగా కారు ఆపి, వెనక చూడకుండా తలుపు తీస్తే బైకు దానికి తగులుతుంది. ఇగ్నిషన్ ఆపిన కొన్ని సెకన్లకే కెమెరా ఆగిపోతుంది కాబట్టి అది రికార్డు కాదు. పార్కింగ్ మోడ్ (ఆపిన కారులోనూ రికార్డు చేయడం) కావాలంటే ఫ్యూజు బాక్సు నుంచి వైరు లాగే కిట్ వేయించాలి. ఆటోనగర్‌లో వేయిస్తే ఫ్యూజ్ ట్యాప్ (ఫ్యూజు గూట్లో గుచ్చి కరెంటు తీసుకునే ముక్క) వాడమని చెప్పండి, వైరు తొక్క గీకి అతికించనివ్వొద్దు. పక్క స్తంభంలో కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ ఉంటే వైరు దాని వెనకగానే పోవాలి, ముందుగా పోతే బ్యాగు విచ్చుకునేటప్పుడు అడ్డం. బ్యాటరీ కట్ఆఫ్ (కారు బ్యాటరీ ఇంతకు దిగగానే కెమెరా ఆగిపోయే హద్దు) 11.8 వోల్టుల దగ్గర పెడితే పొద్దున కారు స్టార్టు కాకపోవచ్చు; 12.2 దగ్గర పెట్టించండి.

మే నెల ఎండలో ఆపిన కారు లోపల వేడి సంగతి వేరే చెప్పక్కర్లేదు. లిథియం బ్యాటరీ ఉన్న కెమెరా అద్దానికి అతుక్కుని ఉబ్బుతుంది. దాని బదులు సూపర్ కెపాసిటరు (కరెంటుని కాసేపు నిలిపే భాగం) ఉన్నదే తీసుకోండి. అది చివరి ఫైలు సేవ్ అయ్యేంత కరెంటే నిలుపుతుంది, మనకి అదే చాలు.

తేదీ, టైము సరిచూసుకోవడం చిన్న పనే కానీ కేసు దాని మీద ఆడుతుంది. కొన్ని కెమెరాలు చైనా టైముతో వస్తాయి, మనకంటే రెండున్నర గంటలు ముందు. ఎఫ్ఐఆర్‌లో రాత్రి 8:10, వీడియోలో 10:40 అని ఉంటే ఎదుటి లాయరుకి అదే ఆయుధం. జీపీఎస్ ఉన్నది టైముని తనే సరిచేసుకుంటుంది. దానిలో కనిపించే వేగాన్ని మాత్రం అక్షరాలా తీసుకోకూడదు. మామూలుగా సెకనుకోసారే మారుతుంది కాబట్టి గట్టిగా బ్రేకు వేసినప్పుడు పాత అంకె చూపిస్తుంది. ఎదుటి బండి వేగం కావాలంటే లెక్క కట్టొచ్చు: వీడియోలో కనిపించే రెండు స్తంభాల మధ్య టేపుతో కొలవండి, వాటిని దాటడానికి పట్టిన ఫ్రేములు లెక్కపెట్టండి. 25 మీటర్లకి 54 ఫ్రేములు, సెకనుకి 30 చొప్పున అంటే 1.8 సెకన్లు, గంటకి 50 కిలోమీటర్లు.

మెమరీ కార్డు దగ్గరే ఎక్కువమంది నష్టపోతారు. రెండు కెమెరాలకీ కలిపి సెకనుకి 24 మెగాబిట్లు అనుకుంటే గంటకి దాదాపు 11 జీబీ. 64 జీబీ కార్డు ఆరు గంటలకి తక్కువే, తర్వాత పాతదాని మీద కొత్తది రాసేస్తుంది. బైకు మెల్లగా రాసుకుపోతే కుదుపుని పట్టే జి-సెన్సరుకి తెలియదు, ఫైలు లాక్ అవదు, అంటే చెరిగిపోకుండా విడిగా నిలవదు. సెన్సరు సున్నితత్వం పెంచితే ప్రతి స్పీడ్ బ్రేకరుకీ లాక్ పడి ఆ ఫోల్డరు నిండిపోతుంది. మధ్యస్థంగా ఉంచి, ఏదైనా జరిగిన వెంటనే చేత్తో లాక్ బటను నొక్కండి. దెబ్బ తగిలినవాళ్లకి సాయం చేశాక, 108కి ఫోను చేశాక, కార్డు బయటికి తీయండి. 128 జీబీ హై ఎండ్యూరెన్స్ (పదేపదే రాసినా తట్టుకునే) కార్డు ఒకటి విడిగా బండిలో ఉంచుకుంటే కెమెరా ఖాళీగా ఉండదు.

ఆ కార్డుని ఫోనులో పెట్టి కత్తిరించడం, వాట్సాప్‌లో వీడియోగా పంపడం చేయకండి, అది కుదించేస్తుంది. పూర్తి ఫైలు కాపీ చేసి, అసలు కార్డుని కవరులో పెట్టి, స్టేషన్లో ఇస్తే రసీదు తీసుకోండి. కాపీని సాక్ష్యంగా పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షను కింద సర్టిఫికెట్ కావాలి. అందులో ఫైలు హ్యాష్ విలువ (ఫైలు మారితే మారిపోయే, దాని వేలిముద్రలాంటి కోడు) రాయాలి, ఒక భాగం మీరు, రెండోది నిపుణుడు సంతకం చేయాలి.

గాయాలో, మరణమో ఉంటే 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం పోలీసులు 48 గంటల్లో ట్రిబ్యునల్‌కి మొదటి నివేదిక పంపాలి, 90 రోజుల్లో సమగ్ర నివేదిక ఇవ్వాలి. డ్రైవరు ఇవ్వాల్సిన ఫారానికి 30 రోజుల గడువు. వీడియో ఉందన్న సంగతి ఆ ఫారంతో పాటే రాతపూర్వకంగా ఇవ్వండి. ఘటనాస్థలం నక్షా, బ్రేక్ ఇన్‌స్పెక్టరు బండిని చూసి రాసే రిపోర్టు, వీడియో మూడూ ఒకదానితో ఒకటి పొసగాలి. గీత ఎడమ ఫెండరు మీద ఉంటే వీడియోలో బైకు కుడినుంచి రాకూడదు కదా.

ఒక్కటి గుర్తుంచుకోండి: ఈ కెమెరా మీ తరఫు సాక్షి కాదు. బైకు రాంగ్ రూట్లో వచ్చినా, మీ వేగం 70 అని తెరమీద పడితే తప్పులో వాటా మీకూ రావచ్చు. అలాగే బైకు మీద ముగ్గురున్నారని వీడియోలో కనిపించినంత మాత్రాన మీరు బయటపడరు; ముగ్గురు ఉండటం ప్రమాదానికి కారణమైందని చూపించాలని సుప్రీంకోర్టు 2020లోనే చెప్పింది. ఈ రెండూ తెలిసి కొనేవాళ్లకి రెండు కెమెరాలు, జీపీఎస్, కెపాసిటరు ఉన్న సెట్టు పెట్టిన డబ్బుకి తగినదే. జీపీఎస్ లేనిది వెయ్యో రెండు వేలో తక్కువకి వస్తుందని చూడకండి.