పది పౌండ్ల ఇల్లు: ఆల్‌ఫ్రిస్టన్ క్లెర్జీ హౌస్

ఇంగ్లండ్ దక్షిణాన, తూర్పు ససెక్స్‌లో, కక్‌మియర్ నది ఒడ్డున ఆల్‌ఫ్రిస్టన్ అనే ఊళ్లో ఉన్న ఈ పాత పాదిరి ఇల్లు చాలా చిన్నది. టికెట్ తీసుకుని నేరుగా లోపలికి పోతే ఇరవై నిమిషాల్లో బయటికి వచ్చేస్తారు, "ఇంతేనా" అనిపిస్తుంది. అందుకే ముందు తోటలో, ఇంటికి ఎదురుగా కాసేపు నిలబడి చూరును చూడండి. ఈ ఇంటి పనితనమంతా అక్కడే అర్థమవుతుంది.

ఇది 14వ శతాబ్దపు వీల్డెన్ రకం ఇల్లు. కెంట్, ససెక్స్ ప్రాంతాల్లో ఇలాంటివి ఎక్కువ. నడుమ నేల నుంచి కప్పు దాకా ఖాళీగా వదిలిన హాలు, రెండు కొసల్లో రెండంతస్తుల గదులు. కొసల్లోని పై అంతస్తు కింది గోడ కన్నా ముందుకు పొడుచుకొస్తుంది. కప్పు మాత్రం ఈ చివర నుంచి ఆ చివరికి ఒకటే. దాంతో హాలు గోడ లోపలికి జరిగినట్టు కనబడుతుంది, అక్కడి చూరుకు కింద ఆధారం ఉండదు. దాన్ని మోయడానికే పక్క గదుల నుంచి వంపు తిరిగిన కర్రలు పెడతారు. ఇది తెలిస్తే ముఖభాగం మొత్తం చదివినట్టే.

గోడలకు అస్థిపంజరం ఓక్ కర్ర. ఒక కర్రకు తొలిచిన గాడిలో ఇంకో కర్ర కొసను దించి చెక్క చీలలు కొట్టారు. పచ్చి ఓక్ వాడేవారు కాబట్టి ఆరేకొద్దీ వంగుతుంది, బిగుసుకుంటుంది. వాలిన స్తంభం కనబడితే ఇల్లు కూలిపోతోందని కంగారు పడక్కర్లేదు. కర్రల మధ్య తడిక, దాని మీద మట్టి, గడ్డి, పేడ కలిపిన పూత, పైన సున్నం. మన పల్లెల్లో తడిక గోడలు చూసినవారికి కొత్తేమీ కాదు. ఇలాంటి ఇళ్లకు నిజమైన శత్రువు సిమెంటు. సున్నం తేమను బయటికి పోనిస్తుంది, సిమెంటు లోపలే బంధిస్తుంది. ఆ తడికి కర్ర పాదం పుచ్చిపోతుంది.

హాలులో తల ఎత్తే ముందు నేల చూడండి. సుద్దరాయిని దిమ్మిస కొట్టి, పులిసిన పాలతో పదును చేశారు. పాలలోని కేసీన్ అనే ప్రొటీన్ జిగురులా పట్టి దుమ్ము రేగనివ్వదు. సన్న మడమల చెప్పులు దానికి గుంటలు పెడతాయి, బురద కాళ్లు కూడా మంచివి కావు. ఈ రకం హాళ్లకు మొదట్లో పొగగొట్టం ఉండేది కాదు. నడి నేల మీద నిప్పు, పొగ కప్పులోంచి బయటికి. హాలు దూలం మూలన చెక్కిన ఓక్ ఆకును తప్పక వెతకండి. పాత కట్టడాలను కాపాడే సంస్థ నేషనల్ ట్రస్ట్ చిహ్నానికి అదే ప్రేరణ కావచ్చని అంటారు.

1895లో పుట్టిన ఆ ట్రస్ట్ 1896లో కొన్న మొదటి కట్టడం ఇదే. ధర 10 పౌండ్లు. మరమ్మతు చేసిన వాస్తుశిల్పి ఆల్ఫ్రెడ్ పావెల్ ఇంటిని కొత్తగా మెరిపించకుండా ఉన్నదాన్ని నిలబెట్టాడు. ఈ యాత్రలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా అనిపించేది ఆ నిగ్రహమే.

లండన్ విక్టోరియా నుంచి లూయిస్ మీదుగా వచ్చి బెర్విక్‌లో దిగాలి. టికెట్ కొనేటప్పుడు జాగ్రత్త: బెర్విక్-అపాన్-ట్వీడ్ ఎక్కడో స్కాట్లండ్ సరిహద్దులో ఉంది. స్టేషన్ నుంచి ఊరికి నాలుగు కిలోమీటర్లకు పైనే, నడిస్తే గంట. బస్సులు తక్కువ కాబట్టి వెళ్లే బస్సు కన్నా ముందు తిరుగు బస్సు వేళ చూసుకోండి. కారులో వస్తే ఇంటి దగ్గర పార్కింగ్ లేదు, ఊళ్లోని పార్కింగ్‌లో పెట్టి నడవాలి. ఇల్లు ఏడాది పొడవునా తెరిచి ఉండదు, రోజులు ముందే సరిచూసుకోండి. గుమ్మాలు పొట్టివి, తల తగులుతుంది. లోపల వెలుగు తక్కువ, మబ్బు రోజున చెక్కడాలు కనబడవు. మధ్యాహ్నం ఎండలో వెళ్లడం మేలు.

బసకు ఊళ్లోనే స్టార్, జార్జ్ అనే పాత సత్రాలున్నాయి, రెండూ కర్ర కట్టడాలే. సాయంత్రం యాత్రికులు వెళ్లిపోయాక ఊరి ప్రశాంతత దక్కాలంటే అక్కడే ఉండాలి. అయితే ఇలాంటి పాత కట్టడాల్లో నేల వాలుతుంది, మెట్లు ఇరుకు, పై గది అడుగుల చప్పుడు వినబడుతుంది. పెద్ద పెట్టెలూ మోకాళ్ల నొప్పులూ ఉన్నవారు కింది గది అడగండి. కారు లేకపోతే లూయిస్‌లో బస నయం, రైళ్లు ఎక్కువ.

వీల్డెన్ ఇంట్లో జనం ఎలా బతికారో చూడాలంటే మాత్రం చిచెస్టర్ దగ్గర సింగిల్టన్‌లోని వీల్డ్ అండ్ డౌన్‌ల్యాండ్ మ్యూజియానికి వెళ్లండి. కెంట్ నుంచి విప్పి తెచ్చి మళ్లీ నిలబెట్టిన బేలీఫ్ ఇల్లు అక్కడుంది, సామాన్లతో సహా. నిర్మాణం నేర్చుకోవడానికి అదే మెరుగు. కానీ అది పుట్టిన చోట లేదు. ఆల్‌ఫ్రిస్టన్ ఇల్లు తన చర్చి పక్కనే, తన పచ్చిక మీదే ఉంది. పావుగంట మిగిలితే ఆ సెయింట్ ఆండ్రూ చర్చి చుట్టూ తిరగండి. పగలగొట్టి చదును చేసిన చెకుముకి రాళ్ల గోడ మీద సాయంత్రపు ఎండ పడినప్పుడు చూడాలి.