అనంతపురంలో నెక్సాన్ ఈవీ: కంపెనీ చెప్పిన 2040, మా మిద్దె మీది సోలార్

"ఏమప్పా, మన ఎండలకు బ్యాటరీ నిలబడుతుందా?" ఈవీ, అంటే కరెంటు కారు, కొనాలనుకునే వాళ్లెవరు కలిసినా మొదట అడిగేది ఇదే. నిలబడింది. 2021లో తీసుకున్న టాటా నెక్సాన్ ఈవీ నాది, 30.2 కిలోవాట్ అవర్ బ్యాటరీ ఉన్న మొదటి మోడల్. ధర్మవరం పట్టుచీరల వ్యాపారం చేస్తాను కాబట్టి అనంతపురం–ధర్మవరం తిరుగుడు వారమంతా ఉంటుంది. సరుకు పని మీద బెంగళూరు చిక్‌పేటకూ వెళ్లొస్తుంటాను. మీటర్ లక్ష కిలోమీటర్లకు దగ్గరపడింది. ఏప్రిల్, మే నెలల్లో 42 డిగ్రీలు దాటే ఊళ్లో ఇన్ని వేసవులు గడిచినా బ్యాటరీ నన్ను రోడ్డు మీద నిలబెట్టలేదు. వయసుకు తగ్గట్టు రేంజ్, అంటే ఒక్క చార్జింగ్‌తో పోయే దూరం, కొంచెం తగ్గింది, అంతే. ముందు బండి సంగతి చెప్పి, 2040కల్లా కాలుష్యం లెక్క సున్నా చేస్తామన్న టాటా మాట దగ్గరికి తర్వాత వస్తాను.

దీనికి కారణం లోపలి సెల్స్ రకం. ఇవి ఎల్ఎఫ్‌పీ, అంటే లిథియం, ఐరన్, ఫాస్ఫేట్‌తో చేసినవి. కోబాల్ట్, నికెల్ ఉండవు. అదే బరువుకు నికెల్ సెల్స్ కన్నా తక్కువ కరెంటు పట్టినా, వేడిని బాగా ఓర్చుకుంటాయి, ఎక్కువ సార్లు చార్జింగ్ పెట్టినా తట్టుకుంటాయి. పైగా బ్యాటరీని చల్లబరచడానికి లిక్విడ్ కూలింగ్ ఉంది. మన సీమలో ఈవీ కొనేవాళ్లు సన్‌రూఫ్ గురించి కాకుండా ఈ రెండింటి గురించి ముందు అడగాలి.

రేంజ్ సంగతి. కాగితం మీద 312 కిలోమీటర్లు. అది మన దేశంలో బండ్లను పరీక్షించే ఏఆర్ఏఐ సంస్థ పరీక్షలో వచ్చే లెక్క, మామూలు రోడ్డు మీద ఏ ఈవీకైనా పరీక్షలో వచ్చినంత రాదు. నాకు ధర్మవరం రోడ్డులో 200 పైచిలుకు వస్తుంది. హైవే ఎక్కి, ఏసీ వేసుకుని, 90 మీద పోతే 180కి అటూఇటూ. బెంగళూరు మాకు 210 కిలోమీటర్ల పైనే కాబట్టి దారిలో ఒకచోట చార్జింగ్ తప్పదు.

ఈ దారిలో ఇంకో మెలిక ఉంది. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తున ఉంటే అనంతపురం 335 మీటర్ల దగ్గర ఉంది. పోయేటప్పుడు బండి దాదాపు 570 మీటర్లు పైకెక్కాలి. ఇద్దరు మనుషులు, చీరల మూటలు ఉన్న బండికి ఈ ఎత్తు ఒక్కటే రెండున్నర యూనిట్లు తింటుంది. అందుకే పోయేటప్పుడు బాగేపల్లి దాటకముందే చార్జింగ్ గురించి ఆలోచిస్తాను, వచ్చేటప్పుడు ఆ టెన్షన్ ఉండదు. కడప వైపు రాయచోటి నుంచి గువ్వలచెరువు ఘాట్ దిగేటప్పుడు యాక్సిలరేటర్ మీద కాలు తీస్తే చాలు, బండి తనంతట తాను నెమ్మదిస్తూ బ్యాటరీలోకి కరెంటు పంపుతుంది. ఘాట్ కింద చూస్తే చార్జ్ ఒకటి రెండు శాతం పెరిగి ఉంటుంది. అయితే నిండా చార్జ్ చేసుకుని ఘాట్ దిగితే ఈ లాభం రాదు, ఆ కరెంటు పోవడానికి బ్యాటరీలో చోటుండాలి కదా.

నాకు కోపం వచ్చే విషయం హైవే చార్జింగే. ఒక చోట రెండు చార్జింగ్ గన్లు ఉంటే ఒకటి ఎప్పుడూ పనిచేయదు. యాప్‌లో ఖాళీ అని పచ్చగా చూపిస్తుంది, తీరా వెళ్తే మిషన్ స్క్రీన్ నల్లగా ఉంటుంది. ఫోన్ చేస్తే టికెట్ రెయిజ్ చేశాం సార్ అంటారు. పెట్రోల్ బంకులో ఒక పంపు పాడైతే పక్క పంపు ఉంటుంది, ఇక్కడ పక్క స్టేషన్ ముప్పై నలభై కిలోమీటర్ల అవతల. పిల్లల్ని వేసుకుని రాత్రిపూట వెళ్లేవాళ్ల పరిస్థితి ఏమిటి? స్టేషన్ పెట్టిన రోజు రిబ్బన్ కత్తిరించడం కాదు, మూడో ఏడు కూడా అది పనిచేస్తోందా అని అడిగేవాళ్లు కావాలి.

ఇంటి చార్జింగ్‌లో మన ప్రాంతానికే ప్రత్యేకమైన ఒక చిక్కు చెప్పాలి. ఈవీ చార్జర్ ముందుగా ఎర్తింగ్ చూసుకుంటుంది, సరిగా లేకపోతే చార్జింగ్ ఎక్కదు. మన నేల ఎండిపోయిన నేల, తడి లేని మట్టిలో ఎర్త్ సరిగా పట్టదు. వేసవిలో మా ఇంట్లో న్యూట్రల్‌కి, ఎర్త్‌కి మధ్య వోల్టేజ్ పెరిగిపోయి చార్జింగ్ మధ్యలో ఆగేది. ఎలక్ట్రీషియన్ వచ్చి మల్టీమీటర్ పెట్టి చూసి, ఎర్త్ గుంత ఇంకా లోతుగా తవ్వి, బొగ్గూ ఉప్పూ పొరలుగా వేశాడు. ఇప్పుడు ఎండాకాలమంతా ఆ గుంతలో రోజూ బిందెడు నీళ్లు పోస్తాం. కొత్తవాళ్లు బండి కన్నా ముందు ఈ గుంత పని చేయించుకోండి.

ఇక అసలు విషయానికి వస్తాను. టాటా మోటార్స్ తన ప్యాసింజర్ కార్ల వ్యాపారాన్ని 2040కల్లా, లారీలు, బస్సుల వ్యాపారాన్ని 2045కల్లా నెట్ జీరో చేస్తామని, అంటే వదిలే కార్బన్‌ను వీలైనంత తగ్గించి మిగిలినదాన్ని సరిచేసి లెక్క సున్నాకు తెస్తామని, ప్రకటించింది. 2030కల్లా పూర్తిగా పునరుత్పాదక విద్యుత్తే వాడతామని కూడా చెప్పింది. మా దారిలోనే పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో ఫ్యాక్టరీ ఉన్న కియా పెట్టుకున్న గడువు 2045. 2025లో ఆ కంపెనీ కారెన్స్ క్లావిస్ ఈవీ ఇక్కడి నుంచే బయటికి వచ్చింది. ఫ్యాక్టరీ మిద్దెల మీద సోలార్ పెట్టడం మంచిదే. కానీ కార్ల కంపెనీ కాలుష్యంలో ఎక్కువ భాగం ఫ్యాక్టరీలో పుట్టేది కాదు. అమ్మిన బండ్లు ఏళ్ల తరబడి రోడ్డు మీద తగలేసే ఇంధనానిదే పెద్ద వాటా. అంటే ఆ 2040 మాట నెగ్గుతుందా లేదా అన్నది చాలావరకు నా ఇంటి ప్లగ్ దగ్గర తేలుతుంది.

లెక్క వేసి చూడండి. లీటరుకు 15 ఇచ్చే పెట్రోల్ బండి 100 కిలోమీటర్లకు దాదాపు 15 కిలోల కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. నా బండికి చార్జింగ్ నష్టాలతో కలిపి 16 యూనిట్లు కావాలి. మన దేశ గ్రిడ్‌లో యూనిట్‌కు సగటున 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ పడుతుంది, అంటే 11 కిలోలు. మిగిలేది నాలుగు కిలోలే. బ్యాటరీ తయారీలోనే రెండు మూడు టన్నులు అయి ఉంటుంది, మధ్యలో రెండున్నర అనుకుందాం. గ్రిడ్ కరెంటుతోనే నడిపితే ఆ బాకీ తీరడానికి 60 వేల కిలోమీటర్లు పైగా పడుతుంది. సోలార్‌తో నడిపితే 17 వేలలోపే తీరుతుంది. అదే బండి, అదే కంపెనీ, తేడా అంతా ప్లగ్‌లోకి వచ్చే కరెంటుదే.

అందుకే మిద్దె మీద 5 కిలోవాట్ల ప్యానెళ్లు పెట్టించాను. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకు, ఆపైన ఎంత పెట్టినా 78 వేల రూపాయల సబ్సిడీ ఉంది. అయితే నెట్ మీటరింగ్‌లో, అంటే మనం గ్రిడ్‌కు ఇచ్చిన కరెంటును వాడిన కరెంటులోంచి తీసేసే లెక్కలో, బిల్లు తగ్గింది కదా అని రాత్రి చార్జింగ్ పెడితే అప్పుడు బండిలోకి వచ్చేది గ్రిడ్ కరెంటే. ముద్దనూరు దగ్గర 1,650 మెగావాట్ల రాయలసీమ థర్మల్ ప్లాంట్ బొగ్గు మీదే నడుస్తోంది మరి. వీలైన రోజుల్లో పొద్దున లెక్కల పని ఇంట్లోనే పెట్టుకుని, పది నుంచి రెండు వరకు బండికి చార్జింగ్ పెడతాను. నా చార్జర్ 3.3 కిలోవాట్లు లాగుతుంది, మంచి ఎండలో ప్యానెళ్లు దానికి సరిపడా ఇస్తాయి. ఆషాఢం గాలికి ప్యానెళ్ల మీద దుమ్ము పేరుకుంటే ఇవ్వవు, కడుగుతూ ఉండాలి.

మన సీమలో ఎండకు, గాలికి కొదవ లేదు. ఓర్వకల్లు పక్కన గని–శకునాలలో 1,000 మెగావాట్ల సోలార్ పార్క్ ఉంది, ఎన్.పి.కుంటలో ఇంకోటి. రామగిరి కొండల మీద గాలిమరలు ఏనాటి నుంచో తిరుగుతున్నాయి. పాణ్యం దగ్గర పిన్నాపురంలో పగటి కరెంటుతో నీళ్లు పైకి తోడి, అవసరమైనప్పుడు కిందికి వదిలే 1,680 మెగావాట్ల పంప్‌డ్ స్టోరేజ్ ప్రాజెక్టు వచ్చింది. రాత్రి చార్జింగ్ కూడా శుభ్రం కావాలంటే ఇలాంటివే కావాలి.

కంపెనీ మాట మీద నాకు నమ్మకం ఉంది, కానీ ఇంకా తొందరపడాలి. 2020 తర్వాత టియాగో, పంచ్, కర్వ్, హారియర్ దాకా ఈవీలు తెచ్చారు, పదమూడు వేల కోట్ల పెట్టుబడితో గ్రూపు కంపెనీ అగ్రతాస్ గుజరాత్‌లోని సాణంద్‌లో బ్యాటరీ సెల్స్ ఫ్యాక్టరీ తలపెట్టింది. అయినా అమ్ముతున్న కార్లలో ఈవీలు పదింటికి ఒకటి కన్నా కాస్త ఎక్కువ, అంతే. ఇప్పుడు అమ్మే పెట్రోల్ బండి పదిహేనేళ్లు తిరుగుతుంది, అంటే 2040లో కూడా రోడ్డు మీదే ఉంటుంది. బండి అమ్మే ప్రతి చోటా సోలార్ గురించి, పగటి చార్జింగ్ గురించి కూడా చెప్పాలి. పాత బ్యాటరీల సంగతి కూడా అంతే. 2022 నాటి బ్యాటరీ వేస్ట్ మేనేజ్‌మెంట్ నిబంధనల ప్రకారం వాటిని వెనక్కి తీసుకుని రీసైకిల్ చేయించే బాధ్యత ఉత్పత్తిదారులదే. ఆ పని ఎక్కడ, ఎలా జరుగుతుందో అనంతపురంలో ఉన్న నాబోటి వాడికి తెలిసేలా చెప్పాలి.

సొంత ఇల్లు, పైన మిద్దె ఉండి రోజుకు వంద కిలోమీటర్లలోపు తిరిగేవాళ్లు కళ్లు మూసుకుని ఈవీ తీసుకోవచ్చు. అపార్ట్‌మెంట్‌లో పార్కింగ్ దగ్గర పాయింట్ రానివాళ్లు అసోసియేషన్ ఒప్పుకునేదాకా ఆగండి. నా మోడల్ సెకండ్ హ్యాండ్‌లో చూస్తుంటే బండి కొన్న తేదీ అడగండి. బ్యాటరీ వారంటీ 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు, ఏది ముందైతే అది. ఎంత మిగిలిందో, మీ పేరు మీదికి మారుతుందో లేదో రాతపూర్వకంగా తీసుకున్నాకే అడ్వాన్స్ ఇవ్వండి.