టీ అడిగేదాకా ఆపకండి: ఏడేళ్లుగా ‘ఇన్ అవర్ టైమ్’ వింటున్నాక

బీబీసీ రేడియో 4 చర్చా కార్యక్రమం ‘ఇన్ అవర్ టైమ్’ గురించి కొత్తగా పరిచయం అక్కర్లేదు. 1998 నుంచి వస్తోంది, వెయ్యికి పైగా ఎపిసోడ్లున్నాయి, వారానికో విషయం మీద ముగ్గురు నిపుణులు ముప్పావు గంట మాట్లాడతారు. నేను రాయాలనుకున్నది ఆ ముప్పావు గంట అయిపోయాక వచ్చే నాలుగైదు నిమిషాల గురించి.

రేడియోలో టైమ్ అయిపోతుంది. పాడ్‌కాస్ట్‌లో మాత్రం మాటలు ఇంకా నడుస్తూనే ఉంటాయి. చెప్పాలనుకుని చెప్పలేకపోయింది ఏమైనా ఉందా అని వ్యాఖ్యాత మెల్విన్ బ్రాగ్ ముగ్గురినీ అడిగేవారు. అంతవరకు అడిగినదానికి జవాబు చెబుతూ వచ్చిన వాళ్ల గొంతులు ఒక్కసారి తేలికపడతాయి. ఏళ్ల తరబడి ఆ విషయం మీదే పని చేసిన మనిషి, తనకు బాగా ఇష్టమైన ముక్కను అప్పుడు బయటికి తీస్తారు. ఒక్కోసారి అసలు చర్చలో మర్యాదగా దాటేసిన తేడాలు కూడా అక్కడే తేలతాయి. చివర్లో ప్రొడ్యూసర్ లోపలికొచ్చి టీ కావాలా కాఫీ కావాలా అని అడుగుతారు. ఆ మాట విన్నాకే నేను ఇయర్‌ఫోన్స్ తీస్తాను.

నేను హైస్కూల్లో సోషల్ టీచర్ని. విజయవాడ నుంచి మా స్కూలుకి పల్లెవెలుగు బస్సులో గంట ప్రయాణం. ఒక ఎపిసోడ్‌కి సరిగ్గా సరిపోతుంది. మూడేళ్ల కిందట ఈ చివరి ప్రశ్నను క్లాసులోకి తెచ్చాను. పాఠం అయ్యాక ఐదు నిమిషాలు పుస్తకాలు మూయించి, “ఇందులో ఏం మిగిలిపోయింది?” అని అడుగుతాను. మొదటి నెల ఎవరూ నోరు విప్పలేదు. తర్వాత రాణిని కూడా చంపేశారా టీచర్, ఆమె పిల్లలేమయ్యారు లాంటివి మొదలయ్యాయి.

ఒకరోజు తొమ్మిదో తరగతికి ఫ్రెంచ్ విప్లవం చెబుతున్నాను. వలసల్లో బానిసత్వాన్ని 1794లో ప్యారిస్‌లోని కన్వెన్షన్ (అప్పటి ఫ్రెంచ్ శాసనసభ) రద్దు చేసిందని చెప్పి పాఠం ముగించాను. చివరి బెంచీలో కూర్చునే అమ్మాయి లేచి, “చట్టం వచ్చేదాకా వాళ్లు ఊరికే ఉన్నారా టీచర్?” అంది. నా దగ్గర జవాబు లేదు. రేపు చెబుతానన్నాను.

ఆ సాయంత్రం బస్సులో వెతికితే హైతీ విప్లవం మీద 2014లో చేసిన ఎపిసోడ్ దొరికింది. వింటూ నేను దిగాల్సిన స్టాప్ దాటిపోయాను. ఇంటికొచ్చి మళ్లీ విన్నాను, దొరికినంత చదివాను. ఇన్నేళ్లూ నేను ఒక్క వాక్యంలో చెప్పి వదిలేసిన దాని వెనక ఎంతమంది ఉన్నారో ఆ రాత్రే తెలిసింది. అప్పట్లో హైతీని సాన్ డొమాంగ్ అనేవారు, కరీబియన్‌లో ఫ్రాన్స్‌కి చక్కెర, కాఫీ పండించి పెట్టే వలస. అక్కడ దాదాపు ఐదు లక్షల మంది బానిసలు. 1791 ఆగస్టులో ఉత్తర మైదానంలో వాళ్లే తిరగబడ్డారు, చెరకు తోటలు తగలబెట్టారు. రెండేళ్ల పోరు తర్వాత, 1793 ఆగస్టులో, అక్కడున్న ఫ్రెంచ్ కమిషనర్ సాంతోనాక్స్ ఉత్తర ప్రాంతంలో వాళ్లకు స్వేచ్ఛ ప్రకటించాల్సి వచ్చింది. ప్యారిస్ చట్టం ఆ తర్వాత 1794 ఫిబ్రవరిలో వచ్చింది. ఆ రోజు కన్వెన్షన్‌లో సాన్ డొమాంగ్ నుంచి వచ్చిన ప్రతినిధుల్లో ఒకప్పుడు బానిసగా బతికిన జాన్ బాప్టిస్ట్ బెల్లే కూడా ఉన్నాడు.

మర్నాడు ఇదంతా క్లాసులో చెప్పాను. వలసను మళ్లీ చేజిక్కించుకోవడానికి 1802లో నెపోలియన్ పంపిన సైన్యం, ఆ సైన్యాన్ని తినేసిన పచ్చజ్వరం (ఎల్లో ఫీవర్), అక్కడి నల్లజాతి నాయకుడు టూసాన్ లూవెర్చూర్‌ని పట్టుకెళ్లి ఫ్రాన్స్‌లో చలికొండల మధ్య కోటలో పెడితే 1803 ఏప్రిల్లో అక్కడే చనిపోవడం, చివరికి 1804 జనవరి 1న ఆయన సేనాని దెసాలీన్ స్వాతంత్ర్యం ప్రకటించడం. పీరియడ్ బెల్లు కొట్టినా పిల్లలు లేవలేదు. ఆ అమ్మాయే మళ్లీ, మరి ఆ దేశం ఇప్పుడు బాగుందా అని అడిగింది. దానికి జవాబు చదవడానికి నాకు ఇంకో వారం పట్టింది. 1825లో ఫ్రాన్స్ యుద్ధనౌకలు పంపి, తోటల యజమానులకు జరిగిన నష్టం కింద 15 కోట్ల ఫ్రాంకులు కట్టమంది. తర్వాత దాన్ని 9 కోట్లకు తగ్గించినా, గెలిచినవాళ్లే ఆ అప్పు దశాబ్దాలపాటు తీర్చారు. ఇది చెప్పేటప్పుడు నా గొంతు వణికింది.

ఒక సంగతి మాత్రం చెప్పాలి. నేనింత పొగిడిన చివరి నిమిషాలు పాత ఎపిసోడ్లలో ఉండవు. హైతీ ఎపిసోడ్ కూడా రేడియో టైమ్‌తోనే ఆగిపోయింది. అంటే నన్ను అంతగా కదిలించిన ఎపిసోడ్‌లో నాకు అంత ఇష్టమైన భాగమే లేదు. భాష కూడా తేలిక కాదు. ఇంగ్లీషు మీడియంలో చదువుకున్నా, మొదటి ఆరు నెలలు ఒక్కో ఎపిసోడ్ రెండుసార్లు వింటే గానీ అర్థమయ్యేది కాదు. పేర్లు చెవికి ఒకలా, కాగితం మీద ఇంకోలా ఉంటాయి, పక్కన అట్లాస్ ఉంటే మేలు. అశోకుడి మీద, ఈస్టిండియా కంపెనీ మీద ఎపిసోడ్లున్నా మొత్తం మీద ఐరోపాదే పెద్ద వాటా. సైన్సు, సాహిత్యం కూడా కలిసే ఉంటాయి, చరిత్ర మాత్రమే కావాలంటే ఏరుకోవాలి.

ఇంకొకటి, 2025లో బ్రాగ్ తప్పుకున్నారు. ఇప్పుడు మీషా గ్లెనీ నడుపుతున్నారు. కొత్తవి నేను రెండు మూడే విన్నాను, వాటి మీద మాట్లాడటం తొందరపాటు అవుతుంది. నా క్లాసులో కూడా ఎఫ్ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్) పరీక్షలు దగ్గర పడితే ఆ ఐదు నిమిషాలు సిలబస్ కిందే పోతాయి.

రోజూ బస్సులో గంట దొరకడం, చెప్పే సబ్జెక్టు ఇదే కావడం నాకు కలిసొచ్చాయి. ఇవి లేనివాళ్లకు ఇదంతా ఇంతే ఉపయోగపడుతుందని నేను మాటివ్వలేను. మొదలుపెట్టాలనుకుంటే బ్రాగ్ చివరి ఏళ్ల ఎపిసోడ్లలో మీకు కాస్త తెలిసిన విషయం ఒకటి తీసుకోండి. ఎపిసోడ్లు పాడ్‌కాస్ట్‌గా ఉచితంగానే దొరుకుతాయి. కార్యక్రమం అయిపోయిందనుకుని ఆపేయకండి, టీ అడిగేదాకా ఉండండి.