ఎల్ఈడీ డిస్‌ప్లేలో నాయిస్: కెపాసిటర్ మేలా, విడి గ్రౌండ్ వైరు మేలా?

ఆర్డినో అనే చిన్న కంట్రోలర్ బోర్డు, మాక్స్7219 చిప్‌తో నడిచే నాలుగు ఎల్ఈడీ మ్యాట్రిక్స్ మాడ్యూళ్లు, ఒక ఎల్ఎం35 ఉష్ణోగ్రత సెన్సర్. గది ఉష్ణోగ్రత చూపించే ఈ డిస్‌ప్లేలో తరచూ ఎదురయ్యే చిక్కు ఒకటుంది. బ్రైట్‌నెస్ పెంచితే వేడి పెరిగినట్టు చూపిస్తుంది, తగ్గిస్తే రీడింగూ దిగుతుంది. ఎవరినడిగినా ముందు చెప్పేది "పెద్ద కెపాసిటర్ (కాస్త చార్జి నిల్వ ఉంచుకునే భాగం) పెట్టు" అనే. ఇక్కడ మాత్రం నా ఓటు విడి గ్రౌండ్ వైరుకే, అంటే కరెంటు సప్లై నెగటివ్‌కి తిరిగి వెళ్లే వేరే దారికే.

లెక్క చూడండి. ఎల్ఎం35 డిగ్రీకి ఇచ్చేది 10 మిల్లీవోల్టులే. ఆర్డినో గ్రౌండ్ పిన్ను నుంచి బ్రెడ్‌బోర్డుకి (సోల్డరింగ్ లేకుండా వైర్లు గుచ్చే పలకకి) ఒకటే జంపర్ వైరు, సెన్సరూ డిస్‌ప్లే రెండూ దాని మీదే ఉన్నాయనుకుందాం. వైరు, కాంటాక్టులు కలిపి 0.05 ఓం ఉండి, అర ఆంపియర్ పారితే 25 మిల్లీవోల్టులు. అంటే రెండున్నర డిగ్రీలు ఎక్కువ! వెయ్యి మైక్రోఫారాడ్ల కెపాసిటర్ పెట్టినా ఎగుడుదిగుళ్లు తగ్గుతాయేమో గానీ, సగటు కరెంటు తెచ్చిన ఈ తేడా కదలదు.

కాబట్టి డిస్‌ప్లే గ్రౌండ్‌ని మందపాటి వైరుతో నేరుగా సప్లై నెగటివ్‌కి కలపండి. సెన్సర్ గ్రౌండ్ విడిగా ఆర్డినో పిన్నుకి వెళ్లాలి. ప్లస్ వైరు కూడా సప్లై నుంచే తీయండి. మామూలుగా ఏడీసీకి (సెన్సర్ వోల్టేజిని అంకెగా మార్చే ఆర్డినో భాగానికి) ఆ 5 వోల్టులే కొలబద్ద, అది కుంగినా రీడింగ్ మారుతుంది.

కోడ్‌లో రెండున్నర తీసేస్తే సరిపోదా అంటే, సరిపోదు. 11 చూపేటప్పుడు వెలిగే చుక్కలు వేరు, 28కి వేరు. కరెంటుతో పాటే తేడా కూడా మారుతుంది.

పిచ్చి అక్షరాలు రావడం, ఉన్నట్టుండి తెర ఆరిపోవడం, అన్ని ఎల్ఈడీలూ ఒక్కసారే వెలగడం లాంటివైతే ముందు కెపాసిటర్లు చూడాలి. మాక్స్7219 చిప్ ఎనిమిది వరసలనూ ఒకదాని తర్వాత ఒకటి వెలిగిస్తూ సెకనుకి సుమారు 800 సార్లు తిప్పుతుంది. వరస మారినప్పుడల్లా కరెంటు ఒక్క ఉదుటున మారుతుంది. ఆ వేగానికి పొడవాటి వైరు, ఎంత మందంగా ఉన్నా, అందుకోలేదు. 10 మైక్రోఫారాడ్ ఎలక్ట్రోలైటిక్, 0.1 మైక్రోఫారాడ్ సెరామిక్ కెపాసిటర్లు, రెండూ చిప్‌కి ఆనుకునే ఉండాలని డేటాషీటే చెబుతుంది. రెడీమేడ్ మాడ్యూళ్ల మీద సాధారణంగా ఇవి ఉంటాయి. విడి చిప్ సోల్డర్ చేసేవాళ్లు 4, 9 పిన్నులు రెండింటినీ గ్రౌండ్ చేయాలి.

ఆర్డినో బదులు 3.3 వోల్టుల మీద నడిచే ఈఎస్‌పీ32 బోర్డుతో కడితే ఈ రెండూ చేసినా పూర్తి భరోసా ఉండదు. దాని సిగ్నల్ 3.3 వోల్టులు, 5 వోల్టుల మీద నడిచే మాక్స్7219 అడిగేది కనీసం 3.5. మధ్యలో సిగ్నల్‌ని 5 వోల్టులకి పెంచే 74హెచ్‌సీటీ125 చిప్ ఒకటి పెట్టండి.