బడి, మగ్గం, బజారు: విక్టోరియా కాలపు మద్రాసు ప్రెసిడెన్సీలో చేతిపనికి ఏ చదువు మేలు?

1823లో బళ్లారి కలెక్టరు ఏ. డి. క్యాంప్‌బెల్ తన జిల్లాలోని బడుల గురించి ప్రభుత్వానికి ఒక నివేదిక పంపాడు. నేటి అనంతపురం ప్రాంతం కూడా అప్పట్లో ఆ జిల్లాలోనిదే. మొత్తం 533 బడులున్నాయనీ, వాటిలో 226 తెలుగు బడులనీ లెక్క చెప్పిన ఆ అధికారి, బడులు క్షీణించడానికి ఒక ముఖ్య కారణం దేశీయ నూలు బట్టల స్థానంలో ఐరోపా సరుకు దిగి, ఆ పనుల మీద బతికేవారి రాబడి తగ్గిపోవడమేనని దాపరికం లేకుండా రాశాడు. బడి బాగుపడితే పరిశ్రమ బాగుపడుతుందని మనం తరచుగా అనుకుంటాం. ఆ నివేదిక అంతకన్నా ముందు సంగతి చెబుతోంది: మగ్గం ఆగిన ఇంట్లో పంతులుగారికి జీతం ఇచ్చే స్తోమతు ఉండదు.

ఆ తరువాత విక్టోరియా రాణి ఏలుబడిలో, అంటే 1837 నుంచి 1901 వరకు, మద్రాసు ప్రెసిడెన్సీలో మూడు రకాల బడులు మూడు దారులు తొక్కాయి. బందరులో నోబుల్ పాఠశాల, మంగళూరులో స్విట్జర్లాండుకు చెందిన బాసెల్ మిషను అనే క్రైస్తవ సంస్థ వారి కర్మాగారాలు, మద్రాసులో సర్కారు కళాశిక్షణ పాఠశాల ఆ మూడు దారులకూ మంచి ఉదాహరణలు. వీటిలో ఏది స్థానిక ఉత్పత్తికి మేలు చేసిందని తూచేటప్పుడు నేను రెండే ప్రశ్నలు అడుగుతున్నాను. నేర్పిన పనికి బజారు దొరికిందా? పని, దాని లాభం ఎవరి చేతుల్లో నిలిచాయి?

రాబర్ట్ నోబుల్ 1843లో బందరులో బడి తెరిచేనాటికి ఆ రేవు పాత వైభవం చాలావరకు తరిగిపోయింది. డచ్చివారు 1605లో, ఇంగ్లీషువారు 1611లో అక్కడ స్థావరాలు పెట్టుకున్నది ఈ తీరపు బట్టల కోసమే. చిరివేరు అనే మొక్క వేరు నుంచి తీసిన ఎరుపుతో అద్దిన గుడ్డలు పర్షియా దాకా వెళ్లేవి. ఆ బడి మాత్రం ముఖ్యంగా పై కులాల పిల్లలకు ఇంగ్లీషు, బైబిలు, లెక్కలు చెప్పింది. 1854లో ఉడ్ పంపిన విద్యా ఆదేశంతో సర్కారు గ్రాంట్లూ, 1857లో మద్రాసు విశ్వవిద్యాలయం స్థాపనతో మెట్రిక్యులేషనూ వచ్చాక ఇలాంటి బడులన్నిటి చూపూ కచేరీ కొలువు మీదికి మళ్లింది. ఈ చదువు వల్ల ఉపాధ్యాయులు, ప్లీడర్లు, పత్రికలు నడిపినవారు, సంఘాన్ని సంస్కరించాలని తపించినవారు పుట్టుకొచ్చారు. ఆ మేలును తక్కువ చేయడం అన్యాయమవుతుంది.

అయితే బందరు అద్దకపువారికి ఆ చదువు ఏం చేసిందని అడిగితే జవాబు నిరాశ కలిగిస్తుంది. 1868, 1869 ప్రాంతంలో జర్మను రసాయన శాస్త్రవేత్తలు అలిజరిన్ అనే ఎరుపు రంగును ప్రయోగశాలలో తయారు చేశారు. అది కర్మాగారాల నుంచి చవకగా మన బజారుకు చేరగానే చిరివేరు తవ్వేవారికీ, దానితో అద్దేవారికీ ఒకేసారి దెబ్బ తగిలింది. ఇది పోటీ సరుకు వల్ల వచ్చిన నష్టం మాత్రమే కాదు, చదువు లేమి వల్ల వచ్చిన నష్టం కూడా. గుడ్డను కరక్కాయ నీళ్లలో, పటిక నీళ్లలో ఎందుకు ముంచాలో అద్దకపు కుటుంబానికి అనుభవం వల్ల తెలుసు. ఆ అనుభవాన్ని రసాయన శాస్త్రంతో కలిపి, కొత్త రంగును తన పనికి ఎలా ఒదిగించుకోవాలో చెప్పే బడి ఆ ఊళ్లో ఉంటే కథ ఎంతో కొంత మారేదని నా గట్టి నమ్మకం. ఉన్న బడి ఆ కుటుంబపు పిల్లవాణ్ని పిలవలేదు, పిలిచినా అద్దకం మానడమే నేర్పేది. అంతకుముందే 1864 నవంబరు 1 నాటి తుపాను బందరులో సుమారు 30,000 మందిని పొట్టనబెట్టుకుంది.

మంగళూరు కథ వేరు. 1834లో అక్కడికి వచ్చిన బాసెల్ మిషనువారికి బతుకుతెరువు సమస్య వెంటనే ఎదురైంది. మతం మారిన బిల్లవులు (కల్లు గీసేవారు) వంటి కులాలవారికి పాత వృత్తి, పాత ఆసరా పోయాయి. వారికి పని చూపడం కోసం మిషను అచ్చుకూటం, నేతశాల, పెంకుల కర్మాగారం పెట్టింది. 1851లో వచ్చిన యోహాన్ హాలర్ ఐరోపా మగ్గాలతో నేతనూ, రంగు వేసే పనినీ కొత్తదారి పట్టించాడు. గియోర్గ్ ప్లెబ్‌స్ట్ 1865లో మంగళూరులోని జెప్పు అనే చోట పెంకుల తయారీ మొదలుపెట్టాడు. నేత్రావతి, గురుపుర నదుల బంకమట్టి, కాల్చడానికి దగ్గరి అడవుల కట్టె, ఎగుమతికి రేవు, అన్నీ పక్కనే ఉన్నాయి. ఒకదానిలో ఒకటి ఒదిగి కూర్చునే ఆ పెంకు జడివానకు తట్టుకుంది కనుక తెలుగు నేల మీద కూడా లెక్కలేనన్ని ఇళ్లకు కప్పయింది. స్థానిక వ్యాపారులు చూసి నేర్చుకుని సొంత కర్మాగారాలు పెట్టుకున్నారు. నా మొదటి ప్రశ్నకు ఇంత గట్టి జవాబిచ్చిన సంస్థ ఆ కాలంలో మరొకటి కనిపించదు.

రెండో ప్రశ్న దగ్గర తడబాటు వస్తుంది. అమ్మకం, పెట్టుబడి 1859లో బాసెల్ నగరంలో పుట్టిన వ్యాపార సంస్థ చేతిలో ఉండేవి. కూలి, ఇల్లు, చర్చి ఒకే యజమాని చెప్పుచేతల్లో ఉన్న చోట పనివాడికి నైపుణ్యం దక్కినా స్వాతంత్ర్యం దక్కదు. మొదటి ప్రపంచ యుద్ధం రాగానే బ్రిటిషు ప్రభుత్వం ఆ ఆస్తులను స్వాధీనం చేసుకుని, చివరకు కామన్వెల్త్ ట్రస్టుకు అప్పగించింది. అక్కడ చెమటోడ్చినవారికి ఆ నిర్ణయంలో చోటు లేదు.

మద్రాసు పాఠశాలను 1850లో అలెగ్జాండర్ హంటర్ అనే వైద్యుడు సొంతంగా మొదలుపెట్టగా, 1855లో సర్కారు తీసుకుంది. దశాబ్దాల తరబడి అది బొమ్మలు గీయడానికీ, అలంకార వస్తువుల తయారీకీ పరిమితమై, మామూలు పనివాడి బతుకుకు దూరంగానే ఉండిపోయింది. ఇంజనీరింగు ఆచార్యుడు ఆల్ఫ్రెడ్ చాటర్టన్ పగ్గాలు చేపట్టాక, 1898లో అక్కడ అల్యూమినియం పాత్రల తయారీ ఆరంభమైంది. రేకు విదేశం నుంచి వచ్చినా, దాన్ని సుత్తితో మలిచే నేర్పు మన లోహకారులకు తరాలుగా ఉన్నదే. పాత్ర వంటింటికి కావలసినది, ధర అందుబాటులోది, అందువల్ల అమ్ముడుపోయింది. ఆ వ్యాపారం నిలదొక్కుకోగానే 1903లో పాఠశాల దాన్ని ఇండియన్ అల్యూమినియం కంపెనీకి అమ్మివేసి తాను తప్పుకుంది. తాడు లాగి నడిపే నాడెతో చేనేత వేగాన్ని పెంచే ప్రయోగాలు కూడా చాటర్టన్ చేశాడు.

నా మొగ్గు ఈ మూడో దారికే. మంగళూరు ఎక్కువ మందికి పని ఇచ్చింది, ఎక్కువ కాలం నిలిచింది, సంఖ్యల్లో చూస్తే గెలుపు దానిదే. అయినా చేతిలో ఉన్న విద్యను తీసుకుని, కొత్త పదార్థాన్ని పరిచయం చేసి, నష్టభయం తాను భరించి, నిలబడ్డాక బయటి బజారుకు అప్పగించే బడి పనివాణ్ని మతానికీ యజమానికీ కట్టిపడేయదు. వలస రాజ్యంలో ఆ పని ప్రభుత్వ ధనంతో జరగడం కూడా నాకు ముఖ్యమే, ఎందుకంటే ఆ ధనం రైతు, నేతగాడు కట్టిన పన్నే.

అది ఎందుకు విస్తరించలేదంటే అడ్డు బడి లోపల లేదు. ఇంగ్లండులోని లాంకషైరు బట్టల మిల్లుల ఒత్తిడితో 1882లో నూలు బట్టల దిగుమతి సుంకం ఎత్తివేశారు. 1896లో దిగుమతి బట్టపై మూడున్నర శాతం వేసినప్పుడు భారతీయ మిల్లు బట్టపైనా అంతే ఎక్సైజు సుంకం విధించారు. సర్కారు ప్రయోగాలు తమ లాభానికి గండి కొడతాయని మద్రాసులోని ఐరోపా వ్యాపారులు అభ్యంతరం చెప్పారు. 1910లో లండనులోని భారతమంత్రి మోర్లీ, ప్రభుత్వ డబ్బుతో పని నేర్పవచ్చు గాని వ్యాపారం నడపకూడదని ఆదేశించాడు. సరిగ్గా అదే ఏడాది బందరులో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్య తదితరుల కృషితో ఆంధ్ర జాతీయ కళాశాల వెలసి, తరగతి గదితో పాటు నేతకూ, వడ్రంగానికీ చోటిచ్చింది. నోబుల్ పాఠశాల ఉన్న ఊళ్లోనే అది పుట్టింది, ప్రజల చందాలతో నడిచింది, కానీ సుంకాలు నిర్ణయించే అధికారం మాత్రం ఇంకా లండనులోనే ఉండిపోయింది.