రంభ ఒడ్డున గుడారంలో ఒక రాత్రి

ఒడిశాలోని బరంపురం నుంచి రైలులో గంటలోపే చేరుకోగల రంభలో, చిలిక సరస్సు ఒడ్డున గుడారాల్లో బస కల్పించే ఒక చిన్న విడిదిలో గత మాఘమాసంలో మా కుటుంబం ఒక రాత్రి గడిపింది. అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాకు 1981లో ఎక్కిన ఈ సరస్సు పరిసరాల్లోని పాలూరును ప్రాచీన రేవుగా చరిత్రకారులు గుర్తిస్తారు. సాయంత్రం పడవలో బ్రేక్‌ఫాస్ట్ ఐలాండ్ చూపించారు. ఖల్లికోట రాజు కట్టించిన విడిది శిథిలాలు, నీటిలో స్తంభంలా నిలిచిన చిన్న గది తప్ప అక్కడ మరేమీ లేకపోయినా, ఆ వెలుగులో ఆ గదిని చూడటానికే మళ్ళీ వెళ్ళవచ్చు.

గుడారం విషయంలో మాత్రం నిరాశే మిగిలింది. చాప కింద ఇసుక చదును చేయకపోవడంతో రాత్రంతా గుల్లపెంకులు వీపుకు గుచ్చుకున్నాయి. తెల్లవారుజామున మంచు పైగుడ్డలోంచి దిగి దుప్పటి అంచులు తడిసిపోయాయి. ఎనిమిది గుడారాలకు ఒకటే మరుగుదొడ్డి. రొయ్యల ఇగురు మాత్రం అమోఘం. మా మాట విన్న వంటాయన, "కారం మనింట్లోలాగే వేశానండీ" అని తెలుగులోనే అన్నాడు. మనిషికి 1,800 రూపాయలు ఈ వసతికి ఎక్కువే. వెళ్ళేవారు సొంత పరుపు, దోమతెర తీసుకెళ్ళడం మంచిది.