అక్క ఎమ్మార్సీపీ స్కాన్: 5 స్టార్లకి 4

అక్కకి పైకడుపులో నొప్పి, దానికి తోడు కొత్తగా షుగర్. ముందు వేరే చోట తీయించిన సీటీ రిపోర్టులో క్లోమం మధ్యభాగం, తోక కనిపించడం లేదు, కుంచించుకుపోయి ఉండొచ్చు అని ఒక్క ముక్క రాసి వదిలేశారు. ఉండాల్సింది కనిపించకపోవడమేంటి, క్యాన్సరేమోనని ఆ రెండు రాత్రులు ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. డాక్టర్ గారు ఎమ్మార్సీపీ, అంటే క్లోమం, పిత్త నాళాలు కనిపించేలా తీసే ఎమ్మారై స్కాన్, చేయించమంటే ఈ సెంటర్‌కి వచ్చాం.

నాలుగు గంటలు ఏమీ తినకుండా రమ్మని ముందురోజే ఫోన్ చేసి చెప్పారు. ఊపిరి కదిలితే ఆ సన్నటి నాళాలు మసగ్గా వస్తాయని టెక్నీషియన్ లోపలికి తీసుకెళ్లే ముందే రెండుసార్లు ఊపిరి బిగబట్టించి చూశాడు. మిషన్ మోత చాలా ఎక్కువ, చెవుల్లో ప్లగ్గులు పెట్టారు. అరగంటలో అయిపోయింది, ఇంజెక్షన్ అవసరం రాలేదు.

అసలు చెప్పాల్సింది రేడియాలజిస్ట్ గారి గురించి. మమ్మల్ని స్క్రీన్ ముందు కూర్చోబెట్టి, తల్లి కడుపులో ఉన్నప్పుడు క్లోమం రెండు మొగ్గలుగా మొదలై తర్వాత ఒకటిగా కలుస్తుందని, మధ్యభాగం, తోక తయారయ్యేది వెనక మొగ్గ నుంచేనని, అక్కకి అదే ఎదగలేదని ఓపిగ్గా చెప్పారు. డోర్సల్ పాంక్రియాస్ ఎజెనెసిస్ అంటారట, చాలా అరుదు. మరి కుంచించుకుపోలేదని ఎలా తెలుసండీ అని అడిగాను. జబ్బు వల్ల కుంచించుకుపోయినా, కొవ్వు పట్టినా లోపల నాళం జాడ మిగులుతుంది, ఇక్కడ వెనక నాళమే లేదు, తోక ఉండాల్సిన ఖాళీలోకి పేగు జారి వచ్చింది అని వేలితో చూపించారు. ఇన్సులిన్ తయారుచేసే కణాలు తోకవైపే ఎక్కువ కాబట్టి షుగర్‌కి కూడా ఇదే కారణం కావచ్చన్నారు. ఉన్న తలభాగంలో గడ్డ ఏదీ కనిపించలేదన్నారు. ఇది పుట్టుకతో వచ్చిందమ్మా, మీరు చేసిన తప్పేమీ లేదు అనేసరికి అక్క అక్కడే ఏడ్చేసింది. ఇన్నాళ్లూ తన తిండి వల్లే ఇదంతా అనుకుంటోంది పాపం.

ఇచ్చిన టైం కన్నా గంటన్నర ఆలస్యంగా పిలిచారు, ఖాళీ కడుపుతో ఉన్న షుగర్ మనిషికి అది చిన్న విషయం కాదు. సీడీ కూడా మర్నాడు గానీ ఇవ్వలేదు. ఒక స్టార్ తగ్గించింది అందుకే. వెళ్లేవాళ్లు పాత సీటీ సీడీ తప్పకుండా పట్టుకెళ్లండి, ఆయన రెండూ పక్కపక్కన పెట్టి చూశాకే మాతో మాట్లాడారు.